ఫోన్‌లో నేను చెప్పింది సగమే

అమ్మలూ,

ఆదివారం ఫోన్‌లో నువ్వు అడిగావు, "పేద దేశం అని ఎవరు తేలుస్తారు నాన్నా, దేన్ని బట్టి?" అని. నేను ఏదో పనిలో ఉండి "తలసరి ఆదాయం చూస్తారమ్మా, అంతే" అనేశాను. ఫోన్ పెట్టేశాక మనసొప్పలేదు. ఆ "అంతే" అన్నమాట తప్పు. రేపు క్లాసులో అందరి ముందు నిలబడి నువ్వూ అదే చెబితే ఆ తప్పు నాదవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

నేను చెప్పింది ప్రపంచ బ్యాంకు లెక్క. వాళ్లు ఏటా జూలై 1న తలసరి ఆదాయం చూసి దేశాలను నాలుగు మెట్ల మీద నిలబెడతారు. 2025 జూలైలో ప్రకటించిన గీతల ప్రకారం ఏడాదికి 1,135 డాలర్లో, అంతకంటే తక్కువో ఉంటే అల్పాదాయ దేశం. 13,935 డాలర్లు దాటితే అధికాదాయ దేశం. మధ్యలో ఇంకో రెండు మెట్లు. అప్పులిచ్చే సంస్థకు ఇలాంటి లెక్క కావాలి, కాదనను. కానీ సగటు అనేది ఎవరి చేతిలో ఎంత ఉందో చెప్పదు. అందుకే 1990లో మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ లాంటి ఆర్థికవేత్తల ఆలోచనతో మానవాభివృద్ధి సూచిక వచ్చింది. ఎన్నేళ్లు బతుకుతున్నారు, ఎన్నేళ్లు చదువుతున్నారు, ఆదాయమెంత, ఈ మూడింటినీ కలిపి సున్నాకీ ఒకటికీ మధ్య ఒక అంకెగా చెబుతారు. 0.550 కంటే తక్కువైతే కింది వర్గం. దీని గురించి మీ పుస్తకంలో ఉండే ఉంటుంది.

నీకు నిజంగా కావాల్సింది మూడో జాబితా. 1971 నవంబరులో ఐక్యరాజ్యసమితి 25 దేశాలను విడదీసి "అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలు" అని పేరు పెట్టింది. ఎల్‌డీసీ అంటారు. ఇప్పుడు అందులో 44 దేశాలున్నాయి, ఎక్కువ భాగం ఆఫ్రికావి. మూడేళ్లకోసారి నిపుణుల కమిటీ కూర్చుని ఎవరు చేరాలో, ఎవరు బయటికి రావాలో చూస్తుంది. వాళ్ల చేతిలో మూడు కొలతలుంటాయి. మొదటిది ఆదాయమే. 2024 సమీక్షలో 1,088 డాలర్లు గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే చేరికకు ఒక అర్హత. బయటికి రావాలంటే మాత్రం 1,306 డాలర్లు. ఈ తేడా కావాలనే పెట్టారు. రెండూ ఒకే గీత అయితే ఒక మంచి ఏడాదికి బయటికి, ఒక చెడ్డ ఏడాదికి లోపలికి తిరుగుతూనే ఉండాల్సి వస్తుంది. రెండో కొలత మనుషులు. ఐదేళ్లలోపు ఎందరు పిల్లలు చనిపోతున్నారు, కాన్పులో ఎందరు తల్లులు పోతున్నారు, తిండి చాలక ఎందరు పిల్లలు ఎదగకుండా ఉండిపోతున్నారు, చదువు ఎందరికి అందుతోంది, ఆడపిల్లలకు మగపిల్లలతో సమానంగా అందుతోందా లేదా.

మూడో కొలత నన్ను ఎప్పుడూ ఆపేస్తుంది. ఒక దెబ్బ తగిలితే ఈ దేశం ఎంతవరకు తట్టుకోగలదు? దీన్ని కూడా అంకెల్లోనే చూస్తారు. సముద్రమట్టానికి దగ్గరగా ఎంతమంది ఉంటున్నారు, ఎండిన నేలల్లో ఎంతమంది, పంట ఒక ఏడాది ఉండి ఒక ఏడాది పోతోందా, అమ్ముకోవడానికి ఒకటి రెండు సరుకులే ఉన్నాయా, సముద్రతీరమే లేక పక్క దేశం దారి ఇస్తే తప్ప సరుకు కదలదా. మామూలు వాళ్లం కూడా ఇలాగే కదా, ఒకరి పరిస్థితి తెలియాలంటే జీతం ఒక్కటే అడగం, రేపు మంచాన పడితే ఏముంది అని కూడా చూస్తాం.

మాల్దీవుల సంగతి చెబుతాను, విను. ఆదాయం పెరిగింది, చదువు పెరిగింది. 2004 డిసెంబర్ 20న ఐక్యరాజ్యసమితి ఆ దేశాన్ని జాబితా నుంచి బయటికి పంపాలని తీర్మానం చేసింది. ఆరు రోజులు గడిచాయి. డిసెంబర్ 26 ఉదయం సునామీ వచ్చింది. దేశం ఒక ఏడాదిలో సంపాదించే దానిలో సగానికి పైగా ఒక్క పూటలో నీళ్లపాలైంది. తీర్మానంలోని మొదటి రెండు అంకెలూ అబద్ధాలు కావు. దేశం మాత్రం అంత సన్నటి నేల మీద నిలబడి ఉంది. గడువు వాయిదా వేశారు, చివరికి 2011లో బయటికొచ్చింది. సమోవాకూ అంతే, 2009 సునామీ తర్వాత 2014 దాకా ఆగారు. వనువాటును 2015లో తుఫాను కొట్టింది, 2020కి గానీ కాలేదు. ఈ మూడూ ద్వీపాలే. మొత్తం ఇన్నేళ్లలో బయటికొచ్చినవే ఎనిమిది దేశాలు. మొదటిది 1994లో బోట్స్వానా, చివరిది 2024 డిసెంబరులో సావో టోమే ప్రిన్సిపే.

ఆదాయం ఒక్కటీ చూస్తే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ కూడా ఆ ఎనిమిదిలోనే ఉంది. ఈక్వటోరియల్ గినీలో చమురు దొరికింది. తలసరి ఆదాయం ఎంత పెరిగిందంటే ఒక దశలో ప్రపంచ బ్యాంకు ఆ దేశాన్ని అధికాదాయ వర్గంలో పెట్టింది. ఆదాయం గీతకు చాలా పైన ఉంటే మిగతావి చూడకుండా పంపేయొచ్చనే నియమం ఉంది, 2017లో అలాగే పంపారు. పిల్లల ఆరోగ్యం, చదువు చూసే కొలతలో మాత్రం అది అప్పటికింకా గీతకు కిందే ఉంది. డబ్బు వచ్చింది, ఇంటింటికీ చేరలేదు. బోట్స్వానాకు వజ్రాలు దొరికాయి, ఆ డబ్బులో మంచి భాగం బడులకూ రోడ్లకూ వెళ్లింది. నేల కింద సంపద ఇద్దరికీ దొరికింది కదా అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేపాల్ దీనికి తిరగేసి. ఆదాయం గీతను చేరకముందే మిగతా రెండు కొలతల మీద అర్హత తెచ్చుకుంది. బంగ్లాదేశ్‌ను ప్రపంచ బ్యాంకు 2015లోనే అల్పాదాయ వర్గం నుంచి పైకి ఎక్కించింది, ఆ తర్వాత కూడా అది ఎల్‌డీసీగానే ఉంది. ఒకే దేశం ఒక జాబితాలో పేద, ఇంకో జాబితాలో కాదు. నీ ప్రశ్నకు నేను ఒక్క ముక్కలో జవాబు చెప్పడం ఎందుకు తప్పో ఇప్పుడు అర్థమైందా?

ఇంకొకటి. నువ్వు ఫోన్‌లో వాటిని "ఫెయిలైన దేశాలు" అన్నావు. ఆ మాట తీసెయ్ తల్లీ. ఈ జాబితా మార్కుల పట్టిక కాదు. ఇందులో ఉంటే హక్కులుంటాయి. 2001 నుంచి యూరోపియన్ యూనియన్ ఈ దేశాల సరుకును, ఆయుధాలు తప్ప, సుంకం లేకుండా తీసుకుంటోంది. మందుల మీద పేటెంట్లు అమలు చేయక్కర్లేదని ఈ దేశాలకు 2033 వరకు మినహాయింపు ఉంది, బంగ్లాదేశ్ మందుల కంపెనీలు ఎదగడానికి అదీ ఒక ఆసరా. జాబితా నుంచి బయటికొస్తే ఇవి మెల్లగా పోతాయి. అందుకే బయటికి రావడం గౌరవమే అయినా ప్రభుత్వాలకు టెన్షన్ కూడా. అసలు చేరమన్నా చేరని దేశాలున్నాయి. ఘనా, జింబాబ్వే, పాపువా న్యూ గినీ అర్హత ఉన్నా ఒప్పుకోలేదు. దేశం అంగీకరించకపోతే ఎవరూ ఆ పేరు అంటించలేరు. ఆ నియమం నాకు చాలా నచ్చుతుంది.

బంగ్లాదేశ్, నేపాల్, లావోస్ బయటికి రావడానికి ఐక్యరాజ్యసమితి పెట్టిన తేదీ 2026 నవంబర్ 24. క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో, ఆ రోజు మనిద్దరం మాట్లాడుకుందాం. ఈలోగా నీ ప్రసంగం రాశాక నాకు పంపు. మాల్దీవుల ఆరు రోజుల సంగతి ఎక్కడో చివర్లో కాదు, మొదట్లోనే పెట్టు.

నీ
నాన్న