చెవిని కాచేది కుషన్, సర్క్యూట్ కాదు

సంపాదకుల వారికి,

నమస్కారం. షూటింగ్ సరదా ఉన్నవాళ్ల కోసం ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌ల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బ్లూటూత్ ఉందా, యాప్ ఉందా, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎన్ని గంటలు వస్తుంది, ఏయే రంగుల్లో దొరుకుతుంది, అన్నీ పట్టిక వేసి మరీ చెప్పారు. తలకి పెట్టుకున్నాక కప్పు చెవి చుట్టూ సరిగ్గా కూర్చుందో లేదో ఎలా చూసుకోవాలో మాత్రం ఒక్క ముక్క లేదు. నేను రేంజ్ ఆఫీసర్‌ని, అంటే షూటింగ్ రేంజ్‌లో భద్రత చూసేవాడిని. కొత్తగా వచ్చినవాళ్లని తుపాకీ ముట్టనిచ్చే ముందు వాళ్ల చెవుల మీద ఏముందో చూడటం నా పనిలో భాగం. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఒక దిద్దుబాటు. పేలుడు వినగానే మఫ్ ఎంత వేగంగా మైక్‌ని ఆపేస్తే చెవికి అంత రక్షణ అని రాశారు. అది పని చేసే తీరు వేరు. ఎలక్ట్రానిక్ మఫ్‌లో రెండు భాగాలున్నాయి, రెండింటి పనీ వేరు. గట్టి ప్లాస్టిక్ కప్పు, దాని లోపలి స్పాంజి, అంచున ఉండే మెత్తటి కుషన్, రెండు కప్పుల్నీ తలకి అదిమి పట్టే హెడ్‌బ్యాండ్, ఇవన్నీ ఒక భాగం. తుపాకీ మోతను తగ్గించేవి ఇవే. బయట మైక్, లోపల చిన్న స్పీకర్, మధ్యలో సర్క్యూట్, ఇది రెండో భాగం. కప్పు అడ్డుపడటం వల్ల వినపడకుండా పోయిన మాటల్ని మళ్లీ లోపలికి తెచ్చివ్వడమే దీని పని. తెచ్చేటప్పుడు స్పీకర్ శబ్దం ఒక హద్దు దాటకుండా చూసుకుంటుంది. చాలా మఫ్‌లలో ఆ హద్దు 82 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి బ్యాటరీ అయిపోతే మాటలు వినపడవు, అంతేగాని రక్షణ ఎక్కడికీ పోదు. అదే కుషన్ అంచున సందుంటే ఎంత గొప్ప సర్క్యూట్ కూడా ఆ సందులోంచి దూరిన మోతను ఆపలేదు. మిల్లీసెకన్ల లెక్కలు చూసి మఫ్ కొనడం కిటికీ ఓరగా తెరిచి పెట్టి గోడ మందం కొలుచుకోవడం లాంటిది.

మోత ఎంతో కూడా చెప్పాలి, ఎందుకంటే .22 రైఫిలే కదా అని తేలిగ్గా తీసుకునేవాళ్లు చాలామంది. ఆ చిన్న రైఫిలే పీక్‌లో, అంటే మోత అత్యధికంగా ఉండే క్షణంలో, 140 డెసిబెల్స్ దగ్గరకి వెళ్తుంది. పెద్దవాళ్లకి ఒక్క క్షణం కూడా దాటకూడదని చెప్పే గీత అక్కడే ఉంది. సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో పిన్ను కొట్టి పేల్చే) పిస్టళ్లు, రైఫిళ్లు, 12 బోర్ షాట్‌గన్లు 150 దాటి 160 పైదాకా పోతాయి. డెసిబెల్ లెక్కలో ప్రతి 10కి శబ్ద తీవ్రత పదింతలవుతుంది. అంటే 140కీ 160కీ మధ్య ఉన్నది వంద రెట్ల తేడా. పెద్ద శబ్దానికి మన చెవి తనంతట తాను కొంత బిగుసుకుంటుంది, నిజమే. మధ్య చెవిలో స్టెపీడియస్ అనే బుల్లి కండరం ఆ పని చేస్తుంది. కానీ అది బిగుసుకోవడానికి పదుల మిల్లీసెకన్లు పడుతుంది, ఈలోపే పేలుడు పీక్ దాటిపోతుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు ఒక్కో చెవికి 15,000 ప్రాంతంలో ఉంటాయి. పక్షుల్లో ఇవి చచ్చిపోతే మళ్లీ పుడతాయి. మనకా వరం లేదు.

ఇక అసలు విషయం, అమరిక. మొన్న ఒక కుర్రాడు కొత్త మఫ్ పెట్టుకుని లేన్ దగ్గరకి వచ్చాడు. మందపాటి కాడల కళ్లద్దాలున్నాయి. "సార్, రేటింగ్ చూసే తీసుకున్నాను" అన్నాడు. స్విచ్ ఆపెయ్యమని చెప్పి, కణత దగ్గర కుషన్ కింద చిటికెన వేలితో తడిమి చూశాను. కాడ ఉన్నచోట కుషన్ పైకి లేచి, కాడకి పైనా కిందా సన్నటి సందులు పడ్డాయి. వేలి గోరు సుఖంగా దూరిపోతోంది. రెండు అరచేతులతో కప్పుల్ని లోపలికి నొక్కమన్నాను. నొక్కగానే మొహం మారింది. "ఫ్యాన్ ఆగిపోయినట్టుంది" అన్నాడు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, ఆ నొక్కుడుతో సందులు మూసుకున్నాయి, అంతే. ఈ పరీక్షకి ఏ పరికరమూ అక్కర్లేదు. స్విచ్ ఆపి పెట్టుకోండి, ఏదైనా నిలకడగా మోగే శబ్దం దగ్గర నిలబడి కప్పుల్ని నొక్కండి. నొక్కినప్పుడు బయటి శబ్దం గట్టిగా తగ్గితే, నొక్కనప్పుడు లీకవుతోందన్నమాట. ఆ అబ్బాయికి సన్నటి, చదునైన కాడలున్న షూటింగ్ కళ్లద్దాలు ఇచ్చి, ఫోమ్ కుషన్ల బదులు జెల్ కుషన్లు వేయిస్తే సందులు పోయాయి. మఫ్ అదే, సర్క్యూట్ అదే.

జుట్టు, టోపీ అంచు, చెవిపోగులు, గుబురు గడ్డం, ఇవన్నీ ఇదే బాపతు. జుట్టుని కుషన్ కింద నుంచి వెనక్కి తీసెయ్యాలి. టోపీ అంచు కప్పు కింద నలగకూడదు.

పొడుగు తుపాకీ పట్టేవాళ్లకి ఇంకో చిక్కుంది. స్టాక్‌కి, అంటే భుజానికి ఆనించే తుపాకీ వెనక భాగానికి, చెంప ఆనించగానే కప్పు కింది అంచు స్టాక్‌ని తాకి పైకి లేస్తుంది. అద్దం ముందు నిలబడి బ్రహ్మాండంగా ఉందనుకున్న మఫ్, సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే సమయానికి చెవి వదిలేస్తుంది. అందుకే ఖాళీ తుపాకీతో భుజానికెత్తి, చెంప ఆనించి, అప్పుడు ఆ అంచుని వేరే మనిషి చేత చూపించుకోవాలి. కింది భాగం సన్నగా కోసినట్టుండే కప్పులు వీళ్ల కోసం వచ్చినవే. అయితే కప్పు సన్నబడితే రేటింగ్ తగ్గుతుంది. ఎన్‌ఆర్‌ఆర్ (మోతను ఎంత తగ్గిస్తుందో చెప్పే రేటింగ్) 30 ఉన్న బండ కప్పు స్టాక్‌కి తగిలి లేచిపోయే కన్నా, 22 ఉన్న సన్న కప్పు కదలకుండా కూర్చోవడమే మేలంటాను.

రేటింగ్ దగ్గర మీ పట్టిక పెద్ద గందరగోళమే చేసింది. కొన్నింటికి ఎన్‌ఆర్‌ఆర్, కొన్నింటికి ఎస్‌ఎన్‌ఆర్ ఇచ్చి, రెండింటినీ ఒకే వరుసలో పెట్టి పెద్ద అంకె ఉన్నదాన్ని మొదటి స్థానంలో నిలబెట్టారు. ఎన్‌ఆర్‌ఆర్ అమెరికా లెక్క, 1979 నాటి అక్కడి పర్యావరణ సంస్థ నిబంధనతో వచ్చింది. ఎస్‌ఎన్‌ఆర్ యూరప్ లెక్క. ఒకే మఫ్‌కి రెండు పద్ధతుల్లో రెండు అంకెలొస్తాయి, ఎస్‌ఎన్‌ఆర్ సాధారణంగా పెద్దది. ఎన్‌ఆర్‌ఆర్ 18, ఎస్‌ఎన్‌ఆర్ 25, రెండూ ఒకే పెట్టె మీద ఉండటం వింతేమీ కాదు. పైగా ఈ రెండూ ప్రయోగశాలలో నిలకడ శబ్దంతో కొలిచినవి, తుపాకీ పేలుడుతో కాదు. నిజ జీవితంలో పెట్టుకునే తీరును లెక్కలోకి తీసుకుని మఫ్‌ల రేటింగ్‌లో నాలుగో వంతు కోసెయ్యమని అమెరికాలో పనిచోట్ల ఆరోగ్యం, భద్రత చూసే నియోష్ సంస్థ 1998లో చెప్పింది, నలిపి చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్‌లకైతే సగం.

మరి ఎలక్ట్రానిక్స్ దండగా అంటే, నా మాట అది కాదు. కొనగలిగినవాళ్లందరూ కొనాలనే అంటాను. కారణం మాత్రం మీరు రాసినది కాదు. మామూలు మఫ్ పెట్టుకున్న మనిషికి పక్కవాడి మాట వినపడదు. "ఆఁ?" అంటూ ఒక కప్పు పైకెత్తుతాడు. లైన్‌లో నేను చూసిన వాటిల్లో ఒళ్లు జలదరించే దృశ్యం అదే, ఎందుకంటే పక్క లేన్‌లో ఉన్నవాడు అప్పుడే పేలుస్తాడు. ఎలక్ట్రానిక్ మఫ్ ఉంటే కప్పు ఎత్తే అవసరమే రాదు. ఆపమని నేను అరిచిన మాటా సూటిగా వినపడుతుంది.

రెండో లాభం ఇంకా పెద్దది. మఫ్ కింద ఫోమ్ ప్లగ్ పెట్టుకుని, మఫ్ వాల్యూమ్ కాస్త పెంచుకుంటే రెండు పొరల రక్షణలోనూ మాటలు వినపడతాయి. మామూలు మఫ్‌తో ఇది కుదరదు, మనిషి చెవిటివాడైపోతాడు. ఇండోర్ రేంజ్‌లో, మజిల్ బ్రేక్ (వెనక్కి తన్నే దెబ్బ తగ్గించడానికి గొట్టం మూతికి బిగించేది) ఉన్న రైఫిల్ దగ్గర నేను రెండూ ఉంటేనే లైన్ మీదికి రానిస్తాను. మఫ్ 22కి ప్లగ్ 30 కలిపి 52 వస్తుందని మురిసిపోవద్దు. రెండింటిలో ఎక్కువ ఉన్నదాని మీద ఇంకో 5 నుంచి 10 డెసిబెల్స్ కలుస్తాయి, అంతే. ఆ పైన శబ్దం కపాలం ఎముకల గుండానే లోపలికి పోతుంది. అయినా 160 దగ్గర ఆ 5 కూడా వదులుకునేది కాదు. ప్లగ్ పెట్టడంలో బద్ధకం పనికిరాదు. సన్నగా నలిపి, రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. చెవి బయట మూడొంతులు కనపడుతున్న ప్లగ్ అలంకారానికి తప్ప దేనికీ కాదు.

ఎలక్ట్రానిక్స్‌లో చూడాల్సినవి కొన్నే. రెండు వైపులా వేరువేరు మైక్‌లు ఉండాలి, లేకపోతే పిలుపు ఏ దిక్కునుంచి వచ్చిందో తెలీదు. పేలుడు రాగానే మొత్తం మూగబోయే రకమా, లేక మోతని మాత్రం అణిచి మాటని నిలబెట్టే రకమా అన్నది అడగండి. మొదటి రకంతో రద్దీగా ఉన్న లైన్‌లో సగం మాటలు వినపడకుండా పోతాయి. దుకాణంలో పెట్టుకుని, పక్కన ఒకరిని మాట్లాడుతూ ఉండమని, ఇంకొకరిని చప్పట్లు కొట్టమంటే తేడా అక్కడే తెలిసిపోతుంది. తనంతట తాను ఆగిపోయే సదుపాయం ఉంటే బ్యాటరీ బతుకుతుంది. పాటల కోసం వైరు పెట్టుకునే రంధ్రం ఉన్నవాటిలో, ఆ దారిన వచ్చే శబ్దానికి కూడా హద్దు ఉందో లేదో పెట్టె మీద చదవండి. లైన్ మీద పాటలేమిటని నా చాదస్తం, అది వేరే సంగతి.

విమాన ప్రయాణాలకి వాడే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు "ఒక మోస్తరుగా పనికొస్తాయి" అన్న మీ వాక్యాన్ని మాత్రం దయచేసి వచ్చే వారమే సవరించండి. అవి ఇంజిన్ హోరు లాంటి నిలకడైన మంద్ర శబ్దాన్ని తగ్గించడానికి చేసినవి. పేలుడు మోతకి పనికిరావు, వాటి మీద రక్షణ రేటింగే ఉండదు.

చూడటానికి వచ్చేవాళ్ల గురించీ వ్యాసంలో లేదు. మజిల్ బ్రేక్ మోతని పక్కలకీ వెనక్కీ తోస్తుంది, కాబట్టి పక్కన నిలబడ్డవాడికి పడేది తక్కువేమీ కాదు. పిల్లలకి పీక్ 120 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పెద్దల మఫ్ హెడ్‌బ్యాండ్‌ని ఎంత బిగించినా చిన్న తలకి ఆనదు, వాళ్ల సైజుది దొరక్కపోతే లైన్‌కి దూరంగా కూర్చోబెట్టడమే. ఇక కుడిచేతి వాటం రైఫిల్ షూటర్లలో ముందు దెబ్బతినేది సాధారణంగా ఎడమ చెవి. అది గొట్టం మూతి వైపు ఉంటుంది, కుడి చెవికి తల కొంత చాటవుతుంది. వినికిడి పరీక్ష చేయించుకుంటే 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల గ్రాఫ్ ఎలా ఉందో చూపించమని అడగండి, తుపాకీ మోత తొలి గుంట సాధారణంగా అక్కడే తవ్వుతుంది.

కుషన్లు చెమటకి గట్టిపడి, పగుళ్లిస్తాయి. వాటిని విడిగా అమ్మే మోడలే కొనండి.

చివరగా, పోటీలకి వెళ్లే ఉద్దేశం ఉన్నవాళ్లకి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) నిబంధనల ప్రకారం, శబ్దాన్ని అందుకునే రిసీవర్ పరికరం ఉన్న చెవి రక్షణని క్రీడాకారులు పోటీలో పెట్టుకోకూడదు. మీరు ఆడబోయే పోటీ నిబంధనల పుస్తకం చదివాకే డబ్బు పెట్టండి. అలాంటివాళ్లు ఒక సాదా మఫ్, దాని కింద ప్లగ్ దగ్గర ఉంచుకుని, సాధన కూడా ఎక్కువగా వాటితోనే చేయడం నయం. కప్పు మందం మారితే స్టాక్ మీద చెంప ఆనే చోటూ మారుతుంది, దాంతో గురి కూడా.

ఇట్లు,
ఒక రేంజ్ ఆఫీసర్