ఫొటో పుస్తకం కొనేముందు బొమ్మల ముద్రణ చూడండి

సంపాదకులకు,

ఫొటోగ్రఫీ నేర్పే కళాశాలలు సిద్ధాంత గ్రంథాలు కొనేటప్పుడు రచయిత పేరుతో పాటు లోపలి బొమ్మలు ఎలా అచ్చయ్యాయో కూడా చూడాలి. ఫొటో అర్థం గురించిన వాదన చాలాసార్లు ఒక చిన్న వివరం మీదే నిలబడుతుంది. అది కనబడకపోతే విద్యార్థికి మిగిలేది బట్టీయమే.

ఫ్రెంచ్ విమర్శకుడు రోలాండ్ బార్త్ 'కెమెరా లూసిడా' (1980) చూడండి. మనసులో గుచ్చుకునే వివరాన్ని ఆయన 'పంక్టమ్' అన్నారు. జేమ్స్ వాన్ డెర్ జీ 1926లో తీసిన ఒక నల్లజాతి కుటుంబ చిత్రంలో తనను గుచ్చింది ఒకామె పట్టీ బూట్లని మొదట రాశారు. కొన్ని పేజీలయ్యాక, కాదు, మెడలోని సన్నని బంగారు గొలుసు అన్నారు. బొమ్మలో ఉన్నవేమో ముత్యాల హారాలు! జ్ఞాపకం బొమ్మను ఎలా మార్చేస్తుందో ఇంతకంటే బాగా చెప్పే పాఠం లేదు. జిరాక్సులోనూ నాసిరకం ముద్రణలోనూ నలుపులు ముద్దకట్టి, తెలుపులు తేలిపోయి బూట్ల పట్టీ, ముత్యాలు రెండూ పోతాయి. కొనేముందు ఆ పేజీ తెరిచి చూడాలి.

అమెరికన్ రచయిత్రి సుసాన్ సాంటాగ్ 'ఆన్ ఫొటోగ్రఫీ' (1977)లో అసలు ఫొటోలే లేవు. ఫొటోగ్రాఫర్ డయాన్ ఆర్బస్ మీద ఆమె కటువుగా రాశారు. 1972లో వచ్చిన ఆర్బస్ ఫొటోల సంకలనం పక్కన లేకుండా ఆ తీర్పుతో ఏకీభవించనూ లేం, విభేదించనూ లేం. రెండూ కలిపే కొనాలి.

మొదటి పుస్తకంగా మాత్రం బార్త్ వద్దు, సాంటాగ్ వద్దు. జాన్ షార్కోవ్‌స్కీ 'ది ఫొటోగ్రాఫర్స్ ఐ' (1966) మేలు. వస్తువు, వివరం, ఫ్రేము, కాలం, చూసే చోటు అని అయిదు భాగాలు. మాట తక్కువ, బొమ్మ ఎక్కువ. ఆ తర్వాత జాన్ బర్జర్ 'వేస్ ఆఫ్ సీయింగ్' (1972). అందులో చిత్రకారుడు వాన్ గో వేసిన పొలం బొమ్మను ముందు ఊరికే చూడమంటారు. పేజీ తిప్పితే, ఆత్మహత్యకు ముందు ఆయన వేసిన చివరి చిత్రం ఇదేనన్న వాక్యం ఉంటుంది. అంతే, ఆ పొలం మరోలా కనిపిస్తుంది. అది చివరి చిత్రం కాదని కళాచరిత్రకారులు అంటున్నా వాక్యం తన పని తాను చేస్తుంది. పత్రికల్లో ఫొటో కింద వ్యాఖ్య రాసేవారంతా చదవాల్సిన పేజీలివి.

స్టూడియో ఫొటోల కోసం క్రిస్టఫర్ పిన్నీ 'కెమెరా ఇండికా' (1997) తెప్పించాలి. మధ్యప్రదేశ్‌లోని నాగ్దా స్టూడియోల మీద లోతైన పరిశీలన అది.

ఏది కొన్నా, ముందు ఫొటోను మాత్రమే తెర మీద వేసి, కనిపించినవి విద్యార్థి చేత పది వాక్యాల్లో తెలుగులో రాయించి, ఆ తర్వాతే రచయిత వ్యాఖ్యానం చదివించాలి.

– ఒక ఫొటోగ్రఫీ అధ్యాపకుడు, హైదరాబాద్