ఆపద రాకముందే నేర్పినందుకు కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా ఆయనకు స్ట్రోక్ వచ్చినప్పటి నుంచి మాకు తోడున్నవాళ్లందరికీ పేరుపేరునా ఫోన్ చేయలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మా పక్కింటి తమిళ అన్నకు. మాట తడబడి, కుడి చెయ్యి వాలిపోవడం చూసి, తెల్లారాక చూద్దాం అనకుండా అప్పటికప్పుడు కారు తీశారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలట. ఆయన వల్లే ఆ గడువు దాటలేదు. చెన్నై పెరంబూరులోని మన తెలుగు చర్చి సంఘం తమ్ముళ్లు వంతులేసుకుని రాత్రిళ్లు ఐసీయూ బయట పడుకున్నారు. అక్కలు పిల్లల్ని స్కూలుకి పంపారు, క్యారియర్లలో చారన్నం తెచ్చి నా చేత తినిపించారు. మీ రుణం తీర్చుకోలేను.

అయితే అందరికంటే ఎక్కువగా చెప్పుకోవలసింది మా పాస్టరమ్మగారికి. ఆమె సాయం ఆసుపత్రిలో మొదలవలేదు, ఎన్నో ఏళ్ల కిందటే మొదలైంది. గురువారం స్త్రీల కూడికలో కీర్తనలు కంఠతా పట్టించి, ఇంట్లో అందరితో చెప్పించమనేవారు. రాజుకు తప్ప ఇంకెవరికీ ప్రార్థన చేయకూడదన్న శాసనం మీద రాజు సంతకం పడిందని తెలిశాక దానియేలు కొత్తగా ప్రార్థన మొదలుపెట్టలేదు, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించాడు, సింహాల గుహకు అతని సిద్ధపాటు ఆ అలవాటే అని చెబుతుంటారు.

విశ్వాసముంటే కష్టాలు రావని మా సంఘంలో ఎన్నడూ బోధించలేదు. అందుకు దేవునికి స్తోత్రం. అలాంటి బోధ నమ్మినవాళ్లు రోగంతో పాటు 'నా విశ్వాసంలో ఏం తక్కువైందో' అన్న దిగులు కూడా మోయాలి. 'లోకములో మీకు శ్రమ కలుగును' అని యేసుప్రభువే అన్నాడు, యోహాను 16:33లో. నాకు భయం వేయలేదని కాదు. సంతకం పెట్టమన్న కాగితం మీద అక్షరాలే కనబడలేదు. కానీ 'దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు' అనే 46వ కీర్తన మాత్రం నోట్లో ఆడుతూనే ఉంది.

వార్డుకి మార్చాక కూడా ఆయనకు మాట రాలేదు. నీళ్లు కావాలని చెప్పలేక గ్లాసు వైపు చూసి కన్నీళ్లు పెట్టుకునేవారు. ఒక సాయంత్రం పాస్టరమ్మగారు మంచం పక్కన కూర్చుని 'యెహోవా నా కాపరి' అని మొదలుపెట్టి ఆగారు. ఆయన పెదవులు కదిలాయి. 'నాకు లేమి కలుగదు' అన్నారు. ముద్దముద్దగానే, కానీ మొత్తం. నాకు కాళ్లు నిలవక మంచం పట్టుకున్నాను.

స్ట్రోక్ తర్వాత సొంతంగా ఒక్క మాట కూర్చుకోలేనివాళ్లకు కూడా, ఏళ్ల తరబడి పలికిన ప్రార్థనలు, పాడిన పాటలు ఒక్కోసారి నోటికి వచ్చేస్తాయని స్పీచ్ థెరపిస్ట్ చెప్పారు. ఆవిడ క్రైస్తవురాలు కారు. అయినా మర్నాటి నుంచి ఆ కీర్తనతోనే సాధన మొదలుపెట్టించారు. అమ్మగారూ, మీరు పట్టుబట్టి నేర్పకపోయి ఉంటే ఆ రోజు ఆయన నోటికి ఏం అందేది?

ఇప్పుడు ఇంట్లోనే ఫిజియోథెరపీ. నడుస్తున్నారు, చిన్న చిన్న మాటలు వస్తున్నాయి. కుడిచేతి వేళ్లకు ఇంకా పట్టు దొరకలేదు, దాని కోసం ప్రార్థించండి. నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చి, తమిళం రాక అవస్థపడేవాళ్లు మీకు ఎవరైనా తెలిస్తే మన సంఘంలో చెప్పండి. ఆసుపత్రికి నేను తోడొస్తాను. క్యారియర్ కూడా మా ఇంటి నుంచే వస్తుంది.