చేతులు కలిపిన ఫొటో కింద ఏముంది?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ నాయకుడు వచ్చిన ప్రతిసారీ ‘అణు ఒప్పందం’ అని చేతులు కలిపిన ఫొటో వేస్తారు. తర్వాత ఏమైందో మాత్రం రాయరు.

నేను గోదావరిఖని బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు ఎత్తి నింపేవాడిగా చేసి రిటైరయిన. తట్టా చెమ్మస్‌తో (పారతో) ఒక్క బొగ్గు టబ్బు నింపేసరికి నడుం పట్టేసేది. టబ్బంటే దాదాపు టన్ను. అణు కరెంటుకు ఇంధనమయ్యే వేలి కొసంత యురేనియం గుళిక శక్తిలో అంత బొగ్గుకు సమానమని మా మనవడంటే ముందు నమ్మలేదు. ఆ గుళికలు మన హైదరాబాద్‌లోనూ తయారవుతాయట!

తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కోసం అప్పటి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1988లో అయింది. మొదటి యూనిట్ గ్రిడ్‌కు కలిసింది 2013లో. ఈలోపు మా పిల్లల చదువులు, పెళ్లిళ్లు అయిపోయాయి. అమెరికాతో 2008లో సంతకాలయ్యాయి. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్లన్నారు, ఒక్కటీ లేవలేదు. ప్రమాదమైతే పరిహారం ఎవరు కట్టాలన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. బాయిలో పైకప్పు కూలడం చూసినవాణ్ణి, ఆ పంచాయితీ అనవసరమని నేననను.

ఇకమీదట ఇంధనం ఎవరిస్తారు, వాడేసింది ఎక్కడ పెడతారు, పరిహారం ఎవరిది, ఈ మూడూ ఫొటో కిందే వేయండి.

– ఒక రిటైర్డ్ కార్మికుడు, గోదావరిఖని