మంచం మీద చదువు మానెయ్

అమ్ములూ,

నిద్రమాత్రలు ఒక స్ట్రిప్ పంపమన్నావు. పంపను. ఆల్‌ప్రాజోలామ్ లాంటివి ప్రభుత్వం షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో పెట్టిన మందులు. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి, ఆ వివరాలన్నీ రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. మెడికల్ షాపు ఓనరు కూతురివైనా రూలు రూలే. అయినా నీకు కావాల్సింది మాత్ర కాదని నాకనిపిస్తోంది. నెలల తరబడి నిద్ర పట్టనివాళ్లకు ముందు సీబీటీ-ఐ అనే మానసిక చికిత్స ఇవ్వాలని అమెరికా ఫిజీషియన్ల కాలేజీ 2016లోనే చెప్పింది. పేరు చూసి బెదరకు, అందులో చాలావరకు నీ అంతట నువ్వే మొదలుపెట్టొచ్చు.

మొన్న హాస్టల్‌కి వచ్చినప్పుడు నీ మంచం చూశాను. తలగడ పక్కన లాప్‌టాప్, దానిమీద ల్యాబ్ రికార్డు, కాళ్ల దగ్గర మిక్చర్ పొట్లం, దుప్పట్లో చుట్టుకుపోయిన ఛార్జర్ వైరు. చదువు, తిండి, కబుర్లు, బ్యాక్‌లాగ్ టెన్షన్ అన్నీ అక్కడే. నిద్ర సుఖమెరగదంటారు గానీ, మంచాన్ని మాత్రం బాగా గుర్తుపెట్టుకుంటుంది. దానిమీద రోజూ మెలకువగా ఉంటే, ఒళ్లు వాల్చగానే మెదడు డ్యూటీ ఎక్కేస్తుంది. రిచర్డ్ బూట్జిన్ అనే సైకాలజిస్టు 1972లో చెప్పిన పద్ధతి ఇదే: మంచం నిద్రకే ఉంచాలి. ఇరవై నిమిషాలైందనిపించినా నిద్ర రాకపోతే లేచి స్టడీ హాల్లో కూర్చో, కళ్లు మూతలు పడుతుంటేనే తిరిగి రా. గడియారం మాత్రం చూడకు. నిద్ర కోసం పట్టుబట్టినకొద్దీ అది దూరం జరుగుతుంది.

రాత్రి ఎప్పుడు పడుకున్నా, ఆదివారమైనా సరే, పొద్దున ఒకే టైముకి లేవాలి. నీకు కష్టమయ్యేది ఇదే, నాకు తెలుసు. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, అది బాగా పేరుకుంటేనే రాత్రి మత్తుగా నిద్ర పడుతుంది. మధ్యాహ్నం రెండు గంటలు పడుకుంటే అది కాస్తా ఖర్చయిపోతుంది. కాఫీ దాన్ని పనిచేయనివ్వదు. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో దాదాపు సగం కెఫీన్ పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుంది.

ఇంకొకటి. పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు కాగితం మీద రాసెయ్. 2018లో అమెరికాలో 57 మంది కుర్రకారుతో ఇది పరీక్షించారు. రేపటి పనులు రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందు నిద్రపోయారు. చిన్న పరీక్షే, అద్భుతాలు ఆశించకు. ఖర్చు లేదు కదా, చేసి చూడు.

మొదటి వారం పగలు తూగు వస్తుంది, అన్నాళ్లూ స్కూటీ తీయకు. మూడు నాలుగు వారాలకీ దారికి రాకపోతే, లేదా మనసు మరీ దిగులుగా ఉంటే నాకు చెప్పు, డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నాకు చెప్పలేని మాటైతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్, తెలుగులోనే మాట్లాడతారు.

అమ్మకీ ఇదంతా చెప్పాను. రాత్రి పదకొండింటికి ‘తిన్నావా’ అని ఫోన్ చేయడం మానేసి, ఇకనుంచి తొమ్మిదికే చేస్తుందట.

నాన్న