డబ్బా మీద చిప్పు పేరు ముద్రించాలి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిన దగ్గర నుంచి, పాత కంప్యూటర్లను మూలన పడేయవద్దని, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయని పత్రికల్లోనూ బయటా చాలామంది సలహా ఇస్తున్నారు. సలహా మంచిదే. నేనూ పాటించాను, ఇప్పటికీ ఆ నిర్ణయం మీద నాకు చింత లేదు. అయితే వైఫై లేని పాత డెస్క్‌టాప్‌కు ఇంటర్నెట్ అందించడానికి బొటనవేలంత యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి కొనబోయి నేను పడిన పాట్లు, వాటికి అసలు కారణమైన ఒక లోపం గురించి తమ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఇంట్లో ఉన్నది 2015లో కొన్న నాలుగో తరం ఇంటెల్ ప్రాసెసర్ కంప్యూటర్ కనుక, విండోస్ 11 అడిగే అర్హతలు దానికి లేవు. మనవరాలి పాఠాలకు, నా కొబ్బరి తోట లెక్కలకు అది చాలు. ఫైబర్ ఇంటర్నెట్ పెట్టె కింద హాల్లో ఉంది, కంప్యూటర్ మేడ మీద గదిలో ఉంది. మొదట్లో గోడ వెంబడి బయట నుంచి తీగ లాగించాను గాని, కొబ్బరిచెట్ల మీది ఉడతలు దానిని రెండుసార్లు కొరికేశాక ఆ ప్రయత్నం మానుకొని, వైఫై అడాప్టర్ కోసం అమలాపురం వెళ్లాను.

లినక్స్‌లో పనిచేస్తుందా అని అడిగితే దుకాణదారు, "విండోస్‌కైతే నాది పూచీ అండి, లినక్స్ సంగతి నాకు తెలియదండి, డబ్బా మీద ఏదో రాసే ఉంటుంది చూసుకోండి" అన్నాడు. అతని తప్పేమీ లేదు. డబ్బా మీద 'లినక్స్' అన్న మాట నిజంగానే ఉంది. దాని పక్కనే పెద్ద అక్షరాలతో 600 (సెకనుకు మెగాబిట్లు) అన్న వేగం కూడా ఉంది. అయిదు గిగాహెర్ట్‌జ్‌లో వచ్చే 433ను, 2.4 గిగాహెర్ట్‌జ్‌లో వచ్చే 150ని కలిపి, కొంచెం పైకి సవరిస్తే వచ్చే అంకె అది. ఈ అడాప్టరు ఒకసారికి ఆ రెండు రేడియో పట్టీల్లో ఏదో ఒక్క దానితోనే కలుస్తుంది కాబట్టి ఆ ఆరువందలు ఎవరి ఇంట్లోనూ కనబడవు.

ఇంటికి తెచ్చి గుచ్చితే దీపం వెలగలేదు, వైఫై జాబితా రాలేదు, తెర మీద మాత్రం ఒక సీడీ బొమ్మ ప్రత్యక్షమయింది. సీడీ డ్రైవే లేని కంప్యూటర్లో సీడీ ఎక్కడిదని ఆశ్చర్యపోయాను. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అన్న ఆదేశం ఇస్తే, గుచ్చిన పరికరాల జాబితాలో 0బీడీఏ:1ఏ2బీ అనే సంఖ్యతో ఒక వరుస కనిపించింది. తెలిసిన కుర్రవాడిని ఫోన్లో అడిగితే గుట్టు విప్పాడు. విండోస్ వాడేవారికి డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రామ్) వెతుక్కునే శ్రమ లేకుండా, ఈ అడాప్టర్ మొదట సీడీ వేషంలో వచ్చి తన డ్రైవర్‌ను అందించి, ఆ తరువాత అసలు రూపంలోకి మారుతుందట. లినక్స్‌లో ఆ వేషం విప్పించేందుకు యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే ప్రోగ్రామ్ ఉంది. అతను చెప్పినట్లు ఆ సీడీ బొమ్మ మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'ఎజెక్ట్' అన్నాను. సీడీ మాయమై, మళ్లీ జాబితా అడిగితే అదే చోట 0బీడీఏ:సీ811 వచ్చింది. అంటే అది రియల్‌టెక్ వారి ఆర్‌టీఎల్ 8811సీయూ చిప్పు; ఏ డ్రైవర్ కావాలన్నది లోపలి చిప్పును బట్టే ఉంటుంది. కొన్న నాటి నుంచి నేను తెలుసుకోవాలనుకున్న సంగతి ఆ ఒక్క పేరే. అది డబ్బా మీద లేదు, లోపలి కాగితంలో లేదు, అడాప్టర్ ఒంటి మీదా లేదు.

పేరు తెలిశాక మిగతా దారి ఎవరైనా చెప్పగలరు. యూఎస్‌బీ రూపంలో ఉన్న ఈ చిప్పుకు లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌లోనే డ్రైవర్ చేరింది 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2తో. మా మేనల్లుడు ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చిన లినక్స్ మింట్ 21లో ఉన్నది అంతకంటే పాత 5.15 కెర్నెల్. కనుక అడాప్టర్ పాడయిందీ లేదు, కంప్యూటర్ పాతదయిందని కూడా కాదు, వాటి మధ్య ఉండవలసిన డ్రైవర్ లేదు, అంతే. ఎవరో రాసిన డ్రైవర్ సోర్సును (ప్రోగ్రామ్ మూలపాఠాన్ని) బయటి నుంచి దించుకొని, కెర్నెల్ మారినప్పుడల్లా తానే తిరిగి కట్టుకొనే డీకేఎంఎస్ పద్ధతిలో పెట్టుకోవడం ఒక మార్గం. కానీ ఆ సోర్సును సవరించేవారు మానేసిన నాడు ఏదో ఒక అప్‌డేట్ దగ్గర అది ఆగిపోతుంది. పైగా కంప్యూటర్లో సెక్యూర్ బూట్ అనే రక్షణ పెట్టి ఉంటే, నమ్మకమైన డిజిటల్ సంతకం లేని ఇలాంటి డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నెల్ లోపలికే రానివ్వదు. అందుకని నేను కెర్నెల్ మార్చడానికే నిశ్చయించుకున్నాను.

మార్చాలంటే ఇంటర్నెట్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్లయింది నా పని. చివరికి చార్జింగ్ తీగతో ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే, దేనికీ ఏ డ్రైవరూ వేయకుండానే కంప్యూటర్ ఫోన్‌ను తీగ నెట్‌వర్క్‌గా గుర్తించింది. అప్‌డేట్ మేనేజర్‌లోని కెర్నెళ్ల జాబితా నుంచి 6.8 ఎంచుకొని, దించుకొని, కంప్యూటర్ ఆపి మళ్లీ వేసేసరికి అడాప్టర్ దీపం వెలిగింది. సిగ్నల్ బలహీనంగా ఉంటే, కేబినెట్ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 రంధ్రం నుంచి తీసి మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ తీగతో బల్ల మీదికి తెచ్చాను. యూఎస్‌బీ 3 దగ్గర పుట్టే రేడియో గోల 2.4 గిగాహెర్ట్‌జ్ సిగ్నల్‌ను చెడగొడుతుంది కాబట్టి ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలిసింది.

ఇంత తెలిశాక పాలకొల్లులో ఉన్న మిత్రుడికి ధైర్యంగా అదే మోడల్ కొనమన్నాను. అదే పేరు, అదే రంగు, అదే ధర. అతని కంప్యూటర్లో గుచ్చీ గుచ్చగానే పనిచేసింది, కెర్నెల్ నాకున్న పాతదే. ఆరా తీస్తే, అతనికి వచ్చిన దానిలో ఉన్నది మీడియాటెక్ వారి ఎంటీ 7610యూ, దాని డ్రైవర్ 2018 నుంచే కెర్నెల్‌లో ఉంది. డబ్బా అడుగున చిన్న అక్షరాల్లో వెర్షన్ అంకె మాత్రం మారింది. మిత్రుడికి కలిసి వచ్చింది కాబట్టి నవ్వుకున్నాం గాని, ఇదే తారుమారై ఉంటే నా మాట నమ్మి డబ్బు పెట్టినందుకు అతనికి నేనేం చెప్పుకునేవాడిని?

ప్యాకెట్లలో అమ్మే సరుకుల మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, దిగుమతి సరుకైతే ఏ దేశానిదో ముద్రించాలని లీగల్ మెట్రాలజీ 2011 నిబంధనలు చెబుతున్నాయి. అవన్నీ నేను కొన్న డబ్బా మీద పొల్లు పోకుండా ఉన్నాయి. వస్తువు నాణ్యత, ప్రమాణం ఏమిటో తెలుసుకొనే హక్కు కొనుగోలుదారుకు ఉందని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా అంటోంది. అటువంటప్పుడు ఈ జాతి పరికరాల మీద చిప్పు పేరు, అది ఏ కెర్నెల్ నుంచి పనిచేస్తుందో తెలిపే ఒక్క అంకె తప్పనిసరి చేయడం పెద్ద పని కాదు. లోపలి చిప్పు మారిస్తే మోడల్ పేరు కూడా మార్చాలని నా అభిప్రాయం. వెర్షన్ అంకెను భూతద్దంతో వెతుక్కోవడం కొనేవాడి బాధ్యత కాకూడదు.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ విషయం పరిశీలించాలని కోరుతున్నాను. అది జరిగేలోగా అమ్మకందారులకు ఒక విన్నపం. దుకాణంలో ఒక నమూనా విప్పి, ఎల్‌ఎస్‌యూఎస్‌బీతో ఆ సంఖ్య చూసి, కాగితం ముక్క మీద రాసి డబ్బాకు అంటించండి. అమలాపురం దుకాణదారుకు నేను ఈ మాట చెబితే, "అలాగేనండి, మీరే రాసిపెట్టి వెళ్లండి" అని స్కెచ్ పెన్ను చేతికిచ్చాడు. అక్కడ మిగిలి ఉన్న మూడు డబ్బాల మీద రాసి వచ్చాను.

ఇట్లు,
విశ్రాంత సహకార సంఘ గుమాస్తా,
అంబాజీపేట మండలం, కోనసీమ