వెతికేవాళ్ల మాటలు

తిరుపతి,
ఆదివారం రాత్రి

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది, ఆలస్యానికి కోపగించుకోకు. "ఎస్ఈఓ అంటే గూగుల్‌ను బురిడీ కొట్టించడమే కదా, దాని మీద ఏడాదిపాటు ఎందుకు కూర్చున్నావు?" అని అడిగావు. ఎవరైనా గూగుల్‌లో వెతికినప్పుడు మన సైటు కనబడేలా తీర్చిదిద్దే పనికే ఎస్ఈఓ అని పేరు. ఆ ప్రశ్న నన్ను నిజంగానే బాధపెట్టింది. రెండు ముక్కల్లో జవాబు రాసి పంపడానికి మనసొప్పలేదు. ఈ రోజు సాయంత్రం నుంచి వాన, అలిపిరి వైపు కొండంతా మబ్బులో మునిగి ఉంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

శ్రీకాళహస్తిలో మా పిన్ని నీకు గుర్తుందా? డిగ్రీ రోజుల్లో శివరాత్రికి వెళ్లినప్పుడు మనిద్దరినీ చాప మీద కూర్చోబెట్టి, వెదురు కలం చేతికిచ్చి గుడ్డ మీద నెమలి గీయించింది. నువ్వు గీసిన నెమలిని ఆవిడ ఇంకా దాచి ఉంచింది. కిందటి ఏడాది ఉగాదికి ఆవిడ కలంకారీ చీరలు, గోడకు వేలాడదీసే బొమ్మలు అమ్మడానికి ఒక వెబ్‌సైటు పెట్టించాం. నాలుగు నెలలు గడిచినా ఒక్కరూ రాలేదు. సైటు పేరు పొల్లుపోకుండా టైపు చేసి వెతికినా గూగుల్‌లో కనబడలేదు. పిన్ని పైకి ఏమీ అనలేదు కానీ, రోజూ సాయంత్రం "ఎవరైనా చూశారా నాయనా?" అని ఫోను చేసేది. ఆ మాట వినలేక, నెల రోజుల్లో మొదటి పేజీలో చూపిస్తామన్న ఒక సంస్థకు డబ్బు కట్టాను. వాళ్లు ప్రతి పేజీలోనూ కలంకారీ అన్న మాటను ఇష్టం వచ్చినట్టు కుక్కారు. మనకు సంబంధం లేని ఏవేవో సైట్ల నుంచి లింకులు వేయించారు. ఫలితం శూన్యం.

అసలు కారణం చివరికి నా కంటనే పడింది. వెతికే యంత్రం పని మూడు దశల్లో సాగుతుంది. ముందు గూగుల్ బాట్ అనే ప్రోగ్రాము లింకులు పట్టుకుని పేజీ పేజీకీ తిరుగుతుంది. చదివిన పేజీని తన సూచికలో చేర్చుకుంటుంది. ఎవరైనా వెతికినప్పుడు ఆ సూచికలో నుంచి తీసి వరుసలో నిలబెడుతుంది. మా సైటు రెండో మెట్టు దగ్గరే ఆగిపోయింది. సైటు తయారవుతున్నప్పుడు సగం పని బయటికి కనబడకూడదని 'నోఇండెక్స్' అనే ఆదేశం పెడతారు. అంటే 'ఈ పేజీని చేర్చుకోవద్దు' అని మనమే యంత్రానికి చెప్పడం. పని పూర్తయ్యాక దాన్ని తీసేయడం మరిచిపోయారు. డబ్బు తీసుకున్న సంస్థ వాళ్లు కూడా అది చూడలేదు. సైటు పెట్టినవాళ్ల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అనే సాధనం తెరిస్తే ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంది. ఆ సాధనానికి ఒక్క రూపాయి కూడా కట్టనక్కర్లేదు. ఆ ఒక్క ఆదేశం తీసేశాక, రెండో వారంలో పిన్ని సైటు మొదటిసారి గూగుల్‌లో కనబడింది. ఆ రాత్రే ఈ విద్య నేర్చుకోవాలని తీర్మానించుకున్నాను.

నీ అనుమానంలోనూ కొంత నిజముంది, కాదనను. 1998లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌ల మూల ఆలోచన పేజ్‌ర్యాంక్. ఒక పేజీకి ఇంకో పేజీ లింకు ఇచ్చిందంటే దాన్ని మెచ్చినట్టు లెక్క. మెచ్చింది పేరున్న పేజీ అయితే ఆ మెప్పుకు బరువెక్కువ. మనవాళ్లు పెళ్లి సంబంధం ఖాయం చేసే ముందు ఊళ్లో నలుగురినీ అడగరూ, వాళ్లలో పెద్దమనిషి మాటకు ఎక్కువ విలువ ఇవ్వరూ, అచ్చం అలాగే. కానీ మెప్పుకు విలువ ఉందని తెలియగానే మెప్పును అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. పేజీల్లో కనబడకుండా కీవర్డులు, అంటే జనం వెతికే మాటలు, రాసుకునే ట్యాగును తాము లెక్కలోకి తీసుకోమని గూగుల్ 2009లోనే చెప్పింది. 2011లో పాండా అనే పేరుతో గూగుల్ లెక్కలో మార్పు వచ్చి పసలేని పేజీలను వెనక్కి నెట్టింది. 2012లో పెంగ్విన్ అనే ఇంకో మార్పు వచ్చి కొన్న లింకుల మీద పడింది. యంత్రాలతో గుట్టలుగా పేజీలు రాయించి పోసేవాళ్ల మీద 2024 మార్చిలో మరో నియమం తెచ్చారు. ఇంత జరిగాక కూడా ఆ సంస్థ వాళ్లు నాకు లింకులు అంటగట్టారంటే, అది తెలియక చేసిన పని అని నేను నమ్మను.

ఇక నేను నిజంగా నేర్చుకున్నదేమిటో చెబుతాను, ఇది నువ్వు శ్రద్ధగా చదవాలి. జనం ఏ మాటలతో వెతికినప్పుడు మన పేజీ కనబడిందో సెర్చ్ కన్సోల్ చూపిస్తుంది. పదహారు నెలల లెక్క దాచి ఉంచుతుంది. మా సైటు మొదటి పేజీ మీద 'అపురూప హస్తకళా వైభవం' అని నేనే ఎంతో ముచ్చటపడి రాశాను. ఆ మాటతో వెతికినవాడు ఒక్కడూ లేడు. జనం అడిగినవి ఇవి: కలంకారీ చీర ఉతికితే రంగు పోతుందా, పెన్ కలంకారీకీ అచ్చు కలంకారీకీ తేడా ఎలా తెలుస్తుంది, కాళహస్తిలో కలంకారీ ఎక్కడ కొనాలి. చూడు, అవన్నీ కొట్టుకు వచ్చినవాళ్లు పిన్నిని అడిగే ప్రశ్నలే! మన పేజీల్లో వాటికి ఒక్కదానికీ జవాబు లేదు.

తెలుగులో ఇంకో చిక్కుంది. ఒకరు కలంకారి అంటారు, ఒకరు కలంకారీ అని దీర్ఘం తీస్తారు. శ్రీకాళహస్తి అని నిండుగా రాసేవాళ్లు తక్కువ, కాళహస్తి అనేవాళ్లే ఎక్కువ. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు. అన్ని రూపాలనూ పేజీలో కుక్కితే చదివేవాడికి విసుగు. శీర్షికలో ఒకటి, మధ్యలో సహజంగా వచ్చే చోట ఇంకోటి వాడితే చాలు. 2019లో బెర్ట్ అనే పద్ధతి తెచ్చాక వెతుకులాటలోని చిన్న మాటలను కూడా గూగుల్ పట్టించుకోవడం మొదలుపెట్టింది. తిరుపతికి బస్సు వేరు, తిరుపతి నుంచి బస్సు వేరు. మనకు అర్థమంతా ఆ చివరి ముక్కలోనే కదా ఉండేది!

ఒక ఆదివారం నోటుపుస్తకం పట్టుకుని పిన్ని పక్కన కూర్చున్నాను. ఆవిడ చెబుతుంటే రాసుకున్నాను. బట్టను కరక్కాయ, గేదెపాలలో ఎందుకు నానబెడతారో, పాత ఇనుము, బెల్లం కలిపి పులియబెడితే నల్లరంగు ఎలా దిగుతుందో, చింత పుల్లల బొగ్గుతో తొలి గీత ఎలా గీస్తారో చెప్పింది. చేత్తో గీసిన పెన్ కలంకారీకీ అచ్చు కలంకారీకీ తేడా ఎలా కనిపెట్టాలని అడిగితే చీర చేతికిచ్చి, "రెండు ఆకులు పక్కపక్కన పెట్టి చూడు. చేత్తో గీస్తే ఏ రెండూ ఒకేలా ఉండవు. అచ్చు వేస్తే అదే ఆకు మళ్లీ మళ్లీ వస్తుంది" అంది. ఆ మాటలను మార్చకుండా పేజీలో పెట్టాను. ఇప్పుడు సైటుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ పేజీ నుంచే లోపలికి వస్తున్నారు. చీర కొన్న ఒకావిడ పిన్నికి ఫోను చేసి, రెండు ఆకులూ పోల్చి చూసుకున్నానని చెప్పింది. పిన్ని ఆ సంగతి నాకు నాలుగుసార్లు చెప్పింది.

మిగతాది ఓపికతో చేసే పని. ఫోనులో తీసిన ఫొటోలు ఒక్కొక్కటి ఐదారు ఎంబీలుండేవి, అన్నిటినీ రెండు వందల కేబీలలోపుకు తగ్గించాను. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో తెరుచుకోవాలని గూగుల్ కొలత. ప్రతి ఫొటోకూ వివరణ రాశాను. చూపులేనివాళ్లు ఫోను చదివి వినిపించే ఆ వివరణ ద్వారానే చీరను చూస్తారు కాబట్టి అది మాత్రం బద్ధకించకుండా చేయాల్సిన పని.

నువ్వు నేర్చుకోవాలనుకుంటే ముందే వేలు పోసి కోర్సులో చేరకు. గూగుల్ రాసిన ప్రారంభ మార్గదర్శిని ఉచితం, అది రెండుసార్లు చదువు. చిన్న సైటు ఒకటి సొంతంగా పెట్టి చెడగొట్టుకుంటూ నేర్చుకో. ఎక్కువసార్లు కనబడి, తక్కువమంది నొక్కిన పేజీల శీర్షికలు ముందు మార్చి, కొన్ని వారాలు ఆగి చూడు.

ఈలోపు నాకో సాయం చెయ్యి. మీ అమ్మగారికి ఫోను ఇచ్చి, పూజగదిలో గోడకు వేయడానికి కలంకారీ బొమ్మ కావాలంటే ఎలా వెతుకుతారో అడుగు. ఆవిడ ఏ మాట టైపు చేస్తే ఆ మాటే, తప్పులు దిద్దకుండా, నాకు రాసి పంపు.

నీ జవాబు కోసం చూస్తూ ఉంటాను.

నీ మిత్రుడు